భద్రావతి వంతు పది పోగులు

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేమీ కాదు తల్లీ, ఒక ఊళ్ళో ఒక నేతవాడ ఉండేది. ఆ వాడలో భద్రావతి అనే ఆవిడ ఉండేది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోయినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల పోగులు! అందుకని ఆడవాళ్ళు ఒకరింటికి ఒకరు వెళ్ళి, వరుసగా కూర్చుని అతికేవారు. అందరిలోకీ భద్రావతి వేళ్ళు చురుకు.

అలా ఉండగా ఆమెకు కీళ్ళజబ్బు పట్టుకుంది. వేళ్ళు వాచి వంకరపోయాయి. వైద్యుడు చూసి, "మందులతో తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. పూర్తిగా పోయేది కాదమ్మా" అన్నాడు.

అప్పుడు అందరికీ జాలి కలిగింది. మొదట కోడలు ఆమె రాట్నం తీసేసుకుంది. ఆ తర్వాత భర్త మార్కండేయులు ఆమె మగ్గం మీద వేరే మనిషిని కూర్చోబెట్టాడు. ఆ తర్వాత వాడవాళ్ళు, పాపం ఎందుకు కష్టపెట్టడమని, అతకడానికి పిలవడం మానేశారు. అందరూ మంచి మనసుతోనే చేశారు తల్లీ. అదే వాళ్ళ పొరపాటు.

భద్రావతి గోడవైపు తిరిగి పడుకుంది. తల దువ్వుకోవడం మానేసింది. ఆ తర్వాత అన్నమూ మానేసింది. "కూర్చోబెట్టి పెడుతుంటే ఏం దిగులమ్మా ఈవిడకి!" అన్నారు కొందరు. ఎవరైనా గుమ్మంలోంచి పలకరిస్తే, "బాగానే ఉన్నాను" అనేది.

ఏడ్చిందా అంటావా? లేదు. ఏడుపు కూడా రాని దిగులు అది.

ఒక మధ్యాహ్నం పక్కింటి తులశమ్మ వచ్చింది. నోరున్న మనిషి. "ఏమే భద్రా, మహారాణీవారి దర్శనం ఎప్పుడు?" అంది.

"బాగానే ఉన్నానక్కా."

"బాగున్నావా అని నిన్నెవరడిగారే? నీ మొహం నాకు కనబడుతోందిగా. ఏమిటో చెప్పి చావు."

భద్రావతి గోడవైపు నుంచి ఇటు తిరిగింది. "వేళ్ళ నొప్పి ఓర్చుకుంటున్నానక్కా. కానీ పొద్దున మెలకువ రాగానే, ఎందుకు వచ్చిందా అనిపిస్తోంది. నేను లేకపోయినా ఇక్కడ ఏ పనీ ఆగదు."

తులశమ్మ సాయంత్రందాకా ఆమె పక్కనే, చాప అంచున అలాగే కూర్చుండిపోయింది. ఆ తర్వాత మార్కండేయులుకు చెప్పింది. మర్నాడే ఆయన భార్యను పట్నం తీసుకెళ్ళి, మనసుకు వైద్యం చేసే డాక్టరుకు చూపించాడు.

కొన్నాళ్ళకు తులశమ్మ ఇంట్లో కొత్త పడుగు వేశారు. అప్పుడామె భద్రావతిని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి వరుసలో కూర్చోబెట్టింది. భద్రావతి ఒక పోగు అతికింది. రెండోది జారిపోయింది. పక్కనున్న పడుచు "ఇలా ఇవ్వు పిన్నీ, నేను చేస్తాను" అంటూ చెయ్యి చాపింది. తులశమ్మ ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

సాయంత్రానికి భద్రావతి అతికినవి పది పోగులు. అంతే.

జబ్బు పోలేదు తల్లీ. దిగులూ పూర్తిగా పోలేదు. కొన్నాళ్ళు వచ్చేది, కొన్నాళ్ళు గోడవైపు తిరిగే ఉండేది. రాని రోజున తులశమ్మ ఆమె వంతు పది పోగుల్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆ పదీ అతికేదాకా మగ్గం కదలదు. "ఎన్నాళ్ళు ఆపుతావమ్మా?" అని మగాళ్ళు విసుక్కుంటే, "దానికి లేవబుద్ధి అయ్యేదాకా" అనేది.

మగ్గం ఆగింది, మాట ఆగింది,
కంచి దారిలో కథ సాగింది,
మన ఇంటి దారిలో నిద్ర తూగింది.