తాడు పట్టిన బయ్యన్న, పలకరించిన రాబందు

అనగా అనగా, మబ్బుల కింద, లోయ మీద, తేనెబండ అని ఒక ఊరు.

ఆ ఊళ్ళో దున్నడానికి నేల లేదు. ఉన్నదల్లా తేనె. అదైనా చేతికందేచోట ఉందా? ఊరి చివర నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. అక్కడి నుంచి కిందికి ఒకటే చరియ. ఎంత కిందికో నేను చెప్పను, చెబితే మీకు నిద్ర పట్టదు. ఆ చరియకు చాటలంత తేనెపట్లు వేలాడేవి. దాన్ని పిలుపుబండ అనేవారు. అంచున నిలబడి తొంగి చూసినవాణ్ణి అది రా రమ్మని పిలుస్తుందట. మీరు మాత్రం చూడకండి.

తేనె కావాలంటే ఒక మనిషి నడుముకు తాడు కట్టుకుని దిగాలి. ఇంకో మనిషి పైన కూర్చుని ఆ తాడు పట్టుకోవాలి. ఒట్టి రాతినేల అది. తాడు కట్టడానికి అక్కడ చెట్టూ లేదు, గుంజా లేదు. అందుకని ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. దిగేవాడి తాడును వాడి పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. చెల్లెలి పసుపుకుంకుమల కోసం అన్న పట్టినంత గట్టిగా ఇంకెవడు పడతాడు చెప్పండి?

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఊరి పెద్దలు ఊరుకుంటారా? దానికి తమ తెలివి కూడా జోడించారు. తాడు పట్టేవాడు బరువుగా ఉండాలన్నారు. వాడి చేతులు మరే పనీ ముట్టకూడదన్నారు. పూటపూటా ఇంటింటి నుంచీ వాడికి ముద్ద పంపాలన్నారు. ఆ ముద్దకు తాడుముద్ద అని పేరు కూడా పెట్టారు.

ఆ ఊళ్ళో బయ్యన్న, అంకి అని అన్నాచెల్లెళ్ళు. తల్లీ తండ్రీ లేరు. ఒకప్పుడు బయ్యన్న మేకల వెంట కొండలెక్కి పరుగెత్తేవాడు. అంకిని ఈదన్నకిచ్చి పెళ్ళి చేశారు. ఈదన్న తేనెకు దిగే మనిషి. ఇంకేముంది, బయ్యన్న తాడు మనిషయ్యాడు. మేకలు వేరేవాళ్ళ వెంట పోయాయి. నేతి ముద్దలు, ఇప్పపూల ఉండలు, తేనె పూసిన గెనుసుగడ్డలు బయ్యన్న ముందుకొచ్చాయి. వద్దంటే ఊరికి కీడని తినిపించేవారు. తిన్నాడు, కూర్చున్నాడు. కూర్చున్నాడు, తిన్నాడు. కొన్నేళ్ళకు బయ్యన్న అరుగు మీద నుంచి లేవాలంటే ఇద్దరు చెయ్యి పట్టాల్సి వచ్చింది.

"అబ్బ, ఏం బరువు! ఏం బరువు!" అని ఊరంతా మురిసిపోయింది.

ఒక యేడు పూలకాలంలో ఈదన్న దిగాడు. సగం దూరం దిగాడో లేదో లోయలోంచి గాలి లేచింది. తాడు ఊగింది. ఈదన్న కాలు చరియ మీద నుంచి జారింది.

బయ్యన్న చేతుల్లోంచి తాడు సర్రున పోయింది! గట్టిగా పట్టుకుందామంటే వేళ్ళు ముడుచుకోలేదు. ఊపిరి ఆడలేదు. చెల్లెలి మొగుడు చచ్చిపోయాడనే అనుకున్నాడు.

అంతలో తాడు ఠక్కున ఆగింది. అంచున బండకు ఒక పగులు ఉంది. తాడుకున్న ముడి వెళ్ళి ఆ పగుల్లో ఇరుక్కుంది.

కింద ఈదన్న మళ్ళీ చరియ మీద కాలు మోపి ఎక్కుతుంటే, బయ్యన్న ఆగి ఆగి, ఎలాగో పైకి లాగాడు. దూరంగా నిలబడ్డ ఊరివాళ్ళకు పగులు కనిపించలేదు. "బయ్యన్న బరువే కాపాడింది! ఇంకా రెండు ముద్దలు ఎక్కువ పెట్టండి!" అని చప్పట్లు కొట్టారు. బయ్యన్న తల దించుకున్నాడు. నిజం చెప్పలేదు.

నిజం చూసింది ఒకటుంది. పిలుపుబండ కొమ్ము మీద ఒక ముసలి రాబందు కాపురం. మెడ మీద ఈక లేదు, కళ్ళల్లో తడి లేదు. అందరూ వెళ్ళిపోయాక అది మెల్లగా ఎగిరొచ్చి బయ్యన్న పక్కన వాలింది.

"తిన్నావా నాయనా?" అని అడిగింది.

ఎంత ప్రేమగా అడిగిందనుకున్నారు! సొంత తాత అడిగినట్టే ఉంది. బయ్యన్నకు ముచ్చెమటలు పట్టాయి.

"నేను చూశానులే. ఎవరికీ చెప్పను. నువ్వు బాగా తిను, హాయిగా కూర్చో. వానలకు ఆ పగులు బండ ఊడిపోతుంది. మళ్ళీ పూలు పూస్తాయి, మీ ఈదన్న మళ్ళీ దిగుతాడు. నాకేం తొందర లేదు." ఇలా అని అది ఎగిరిపోయింది.

ఆ పూట నుంచి బయ్యన్నకు ముద్ద మింగుడు పడలేదు. అప్పటికే అంకి నీళ్ళోసుకుంది. ఆమె కడుపు చూస్తే వాడికి గుండె జారిపోయేది. తాడు ఇంకొకరికి ఇద్దామంటే ఆమెకు ఇంకో అన్న లేడు, తమ్ముడు లేడు. ఉన్నది తనొక్కడే.

అందుకని తిండి మానేశాడు. ఒకేసారి ఒళ్ళు దిగిపోవాలని మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు. కొన్నాళ్ళకు కళ్ళు బైర్లు కమ్మి వాకిట్లో పడిపోయాడు. కళ్ళు తెరిచేసరికి రాబందు చూరు మీద ఉంది.

"తిన్నావా నాయనా? తినలేదా? మంచిపని చేశావు. అలాగే ఉండు, చేతుల్లో ఉన్న కాస్త సత్తువా పోతుంది."

బయ్యన్న హడలిపోయి మళ్ళీ తిన్నాడు. ఈసారి ఒక్కనాట్లోనే బలం తెచ్చుకుందామని పెద్ద బండరాయికి తాడు కట్టి, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లాగడం మొదలుపెట్టాడు. పొద్దు వాలకముందే నడుము పట్టేసింది. చాప మీద నుంచి కదల్లేకపోయాడు. రాబందు ఈసారి ఏకంగా గడప మీదికే వచ్చింది.

"తిన్నావా నాయనా? లేవకు, పడుకో. అలా పడుకునే ఉండు."

దాని నోటి వాసన ముఖానికి కొట్టింది. బయ్యన్న పై ప్రాణాలు పైనే పోయాయి. "అంకీ!" అని ఊరంతా వినపడేలా కేకేశాడు.

అంకి పరుగెత్తుకొచ్చింది. రాబందు లేచిపోయింది. బయ్యన్న ఏడుస్తూ జరిగిందంతా చెప్పేశాడు. జారిన తాడు, పగులు, తను దాచిన నిజం, అన్నీ చెప్పాడు.

అంకి గోడకు ఆనుకుని కూలబడింది.

"నా మొగుడి ప్రాణం నీ చేతుల్లో ఉందనుకున్నానే అన్నా. రాతి పగుల్లో ఉందా?"

"నన్ను కొట్టవే చెల్లీ."

"కొడితే నీ చేతులు గట్టిపడతాయా? ముందు ఆయనకు చెప్పు."

ఈదన్నకూ చెప్పాడు. ఈదన్న నేల చూస్తూ విన్నాడు. "కింద వేలాడినవాణ్ణి, నాకు తెలియదా బావా? నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను. దాచినవాడు పట్టిన తాడుకు మళ్ళీ దిగేవాణ్ణి కాదు. చెప్పావు గనక దిగుతాను. కానీ నాకు భయంగా ఉంది బావా. నిజంగా భయంగా ఉంది" అన్నాడు.

నడుము నొప్పి తగ్గాక అంకి అన్నను ఊరి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ గట్టు కింద ఒక వాగు ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి తాడుతో నీళ్ళు చేదుకునేవారు. అంకి తన అరచేతులు చూపించింది. అవి కాయలు కాసి ఉన్నాయి. బయ్యన్న తన చేతులు చూసుకున్నాడు. వెన్నముద్దల్లా ఉన్నాయి. సిగ్గుతో వెనక్కి పెట్టుకున్నాడు.

అంకి తాడుకు ఒక చిన్న ముంత కట్టింది.

"ఇదా? నవ్వుతారే!"

"నవ్వనీ. రోజూ రావాలి. ఒకనాడు ఎక్కువ చెయ్యకు, ఒకనాడు మానకు. పొద్దున అంబలి, మధ్యాహ్నం కొర్రన్నం, ఆకుకూర. పొద్దు గుంకకముందు ఉడకేసిన గడ్డలు. ఆకలి తీరేదాకా తిను, ఆయాసం వచ్చేదాకా తినకు. తాడుముద్దలు వస్తే వచ్చిన దారినే పంపించు."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మగవాళ్ళు అయితే కడుపులు పట్టుకుని మరీ నవ్వారు. బయ్యన్న ముంతతో చేదాడు. పడుతూ లేస్తూ మేకల దారిన కొండెక్కి దిగాడు. మొదట్లో నాలుగడుగులకే గుండె నోట్లోకి వచ్చినట్టుండేది. అరచేతులు బొబ్బలెక్కాయి. బొబ్బలు మాని కాయలయ్యాయి. ముంత పోయి కుండ వచ్చింది. కుండ పోయి నీళ్ళు కాచుకునే కాగు వచ్చింది. వానల్లో ఒకసారి దుప్పటి ముసుగేసి పడుకుందామనుకున్నాడు. నిండు చూలాలు అంకి వానలో తడుస్తూ గట్టు మీద ఎదురుచూస్తోందని తెలిసి, ముసుగు విసిరికొట్టి పరుగెత్తాడు.

ఆ వానల్లోనే పిలుపుబండ అంచున ఉరిమినట్టు చప్పుడైంది. పగులు బండ ఊడి లోయలో పడింది.

ఇక్కడ ఊళ్ళో గోల మొదలైంది. "తాడు మనిషి చిక్కిపోతున్నాడు! ముద్దలు తిప్పి పంపుతున్నాడు! ఊరికి కీడు!" అంటూ ఊరి పెద్ద కొమరయ్య పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. "వీడి బరువంతా ఏమైందే అంకీ? వీణ్ణి నమ్మి నీ మొగుణ్ణి చంపుకుంటావా?"

అంకి ఒడిలో పసిబిడ్డ. కళ్ళల్లో నీళ్ళు. ఆమెకు మాత్రం భయం లేదా? ఉంది. అయినా అంది, "దిగేది నా మొగుడు, పట్టేది నా అన్న. ముద్దలు మీవి. మీరే తినండి పెద్దయ్యా."

పూలు పూశాయి. ఈదన్న నడుముకు తాడు కట్టుకున్నాడు. బిడ్డను ఒకసారి ముద్దుపెట్టుకుని, అంచు దాటాడు. బయ్యన్న రాతికి మడమలు తన్ని కూర్చున్నాడు. పగులు ఉన్నచోట ఇప్పుడు నున్నటి రాయి. వాడు అటు చూడకూడదనుకుంటూనే చూశాడు.

తాడు దిగింది. ఇంకా దిగింది. తేనెటీగల్ని తోలడానికి ఈదన్న పెట్టిన పొగ కింద నుంచి లేచింది. ఉన్నట్టుండి గాలి తిరిగి ఆ పొగను పక్కకు కొట్టేసింది. తేనెటీగలు ఒక్కసారిగా లేచాయి. "బావా!" అని కేక. తర్వాత కేక కూడా లేదు.

తాడు సర్రుమంది. బయ్యన్న వేళ్ళు బిగిశాయి. తాడు అరచేతులను కోసుకుంటూ మూరెడు పోయి, ఆగింది. ఈసారి ఏ పగులూ ఆపలేదు. ఆ చేతులే ఆపాయి.

ఊరంతా నిలబడి చూస్తోంది. కట్టుబాటు! ఒక్కరూ చెయ్యి వెయ్యరు. అంకి బిడ్డను గుండెకు హత్తుకుని కళ్ళు మూసుకుంది. అప్పుడు రాబందు దిగింది. జనాన్ని కూడా లెక్కచెయ్యకుండా వచ్చి, బయ్యన్న మోచేతి పక్కనే కూర్చుంది.

"తిన్నావా నాయనా? చేతులు మండుతున్నాయా? వదిలెయ్. ఒక్కసారి వదిలితే నొప్పే ఉండదు."

బయ్యన్నకు భయంతో కళ్ళ నీళ్ళు కారాయి. కానీ ఆ బరువు చేతులకు కొత్త కాదు. 'ఇది కాగు' అనుకున్నాడు. ఒక జానెడు లాగాడు. 'ఇది ఇంకో కాగు.' ఇంకో జానెడు లాగాడు. తొందరపడలేదు, ఆగనూ లేదు. రోజూ గట్టు మీద లాగినట్టే లాగాడు.

చివరికి అంచు మీద ఒక చెయ్యి కనిపించింది. ఆ వెనకే ఈదన్న ముఖం, తేనెటీగలు కుట్టి గుర్తుపట్టలేనంతగా వాచిపోయిన ముఖం, పైకొచ్చింది. ఊపిరుంది! అంకి కేక పెట్టి మొగుణ్ణి పట్టుకుంది. ఆ తర్వాత అన్న నెత్తురోడే చేతుల్ని తీసుకుని కళ్ళకద్దుకుంది.

బయ్యన్న ఆయాసపడుతూ పక్కకు తిరిగాడు. రాబందు ఇంకా అక్కడే ఉంది. దాని కళ్ళల్లోకి సూటిగా చూసి అడిగాడు.

"తిన్నావా తాతా?"

రాబందు రెక్కలు విదిల్చుకుని లోయ దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ తేనెబండలో ఎవరినీ పలకరించలేదు.

మర్నాడు కొమరయ్య స్వయంగా పెద్ద నేతిముద్ద పట్టుకుని బయ్యన్న ఇంటికి వెళ్ళాడు. ఇల్లు తలుపు వేసి ఉంది. వెతుక్కుంటూ పోతే, బయ్యన్న గట్టు మీద ఉన్నాడు. చేతులకు గుడ్డలు చుట్టుకుని, తాడుకు మళ్ళీ చిన్న ముంత కట్టుకుని, నీళ్ళు చేదుతున్నాడు. కొమరయ్య కాసేపు నిలబడి చూశాడు. ముద్ద పక్కన పెట్టి, "ఏదీ, ఆ తాడు ఇటివ్వు, నేనూ చూస్తాను" అన్నాడు.

కాబట్టి పిల్లలూ, బలం ఒంటి మీద పేరుకునేది కాదు, ఒక్కనాట్లో వచ్చిపడేదీ కాదు. మితంగా తిని, రోజూ కొంచెం కొంచెంగా కష్టపడిన చేతులే భయం ముంచుకొచ్చిన నాడు తాడును వదలవు.