మంచమెక్కిన కమ్మీ

నూజివీడు దాటి మామిడి తోటల్లోకి తిరిగితే, పేరయ్య వాళ్ళంత తెలివైన కుటుంబం ఇంకోటి కనపడదు. ఈ మాట నేనన్నది కాదు, పేరయ్యే అన్నాడు. అడిగినవాళ్ళకీ చెప్పాడు, అడగనివాళ్ళని ఆపి మరీ చెప్పాడు.

"లోకం ఎందుకు చెడిపోతోందో తెలుసా? పెద్దలు ఒకటి చెబితే జనం సొంత బుర్ర వాడి ఇంకోటి చేస్తున్నారు. మా ఇంట్లో ఆ జబ్బు లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అనేవాడు మీసం దువ్వుకుంటూ.

వాళ్ళమ్మ అచ్చమ్మ, పెళ్ళాం మంగతాయి, తమ్ముడు కోటిలింగం ముగ్గురూ పక్కన నిలబడి తలలూపేవాళ్ళు. ఊపక ఏం చేస్తారు పాపం, వాళ్ళ తలలూ ఆ బాపతువే!

అంత తెలివి ఉండి కూడా పేరయ్యకి ఏ పనీ నిలిచేది కాదు. కాఫీ హోటల్లో చేరాడు. యజమాని పొయ్యి మీద పాలు పెట్టి, "ఒరే, వీటిని చూస్తూ ఉండు" అని బజారుకెళ్ళాడు. పేరయ్య రెప్ప వెయ్యకుండా చూశాడు. పాలు కాగాయి, చూశాడు. పొంగాయి, చూశాడు. నేల మీదికి కారి గుమ్మం వైపు పోతుంటే, వాటి వెంబడే గుమ్మం దాకా నడిచి మరీ చూశాడు. యజమాని వచ్చి నెత్తి బాదుకుంటే, "చూడమన్నారు, చూశాను. ఆపమన్నారా?" అనడిగాడు. అంతే, పని పోయింది. సిమెంటు కొట్లోనూ అంతే. రైసు మిల్లులోనూ అంతే.

మంగతాయికి విసుగొచ్చింది. "ఇదిగో, ఈసారి పని పోయిందంటే నేను మా పుట్టింటికి పోతా. ఇక రాను. నేనూ ఈ ఇంటి కోడల్నే, అన్నదన్నట్టు చేస్తా, గుర్తుంచుకో," అంది.

మంగతాయంటే పేరయ్యకి ప్రాణం. ఆవిడ లేని ఇంట్లో ముద్ద దిగదు, నిద్ర పట్టదు. ఏ పని దొరికినా సరే, ఈసారి ప్రాణం పోయినా పోగొట్టుకోకూడదని ఒట్టేసుకున్నాడు.

ఆ సమయంలోనే తోట యజమాని బసవేశ్వరరావు గారు జాలిపడి తన మామిడి తోటలో పనిచ్చాడు. ఉండటానికి తోటలోనే పెంకుటిల్లు ఇచ్చాడు. గడ్డి కొయ్యడానికి కొత్త మోటారు బండి కూడా కొన్నాడు. అబ్బో, ఏం బండి అది! నాలుగు చక్రాలు, మధ్యలో సీటు, కింద గిర్రున తిరిగే కత్తి. సీటు వెనక మనిషి తల కన్నా ఎత్తుగా, పెరటి గుమ్మమంత ఇనప కమ్మీ వంచి బిగించి ఉంది.

"చూడు పేరయ్యా," అన్నాడు బసవేశ్వరరావు గారు. "మన తోట ఎగుడుదిగుడు తోట. ఏటవాలులో బండి తిరగబడిందంటే, నడిపేవాడు కింద నలిగిపోతాడు. ఈ కమ్మీ ఉంటే అది నేలకి ఆనుకుంటుంది, మనిషి మీద బరువు పడదు. బెల్టు పెట్టుకుంటే మనిషి సీట్లోంచి జారడు. మిమ్మల్ని కాపాడేది ఈ కమ్మీయే, తెలిసిందా?"

"తెలిసిందయ్యగారూ."

"శనివారం కాయ బేరగాణ్ణి తీసుకొస్తా. అప్పటికి గడ్డి శుభ్రంగా ఉండాలి. ఒక్క కాయ రాలిందంటే మాత్రం నేనూరుకోను, ముందే చెబుతున్నా," అని ఆయన బెజవాడ వెళ్ళిపోయాడు.

కోటిలింగం బండెక్కాడు. బెల్టు పెట్టుకున్నాడు. బండి దడదడలాడుతూ చిన్నరసం చెట్ల కిందికి దూరింది. కొమ్మలన్నీ కాయల బరువుకి కిందికి వాలి ఉన్నాయి. కోటిలింగం తల వంచుకున్నాడు గానీ కమ్మీకి తల వంచడం రాదుగా! టపటపా నాలుగు కాయలు రాలాయి.

"అయ్యయ్యో, ఆపరా!" అని పేరయ్య అడ్డం పరుగెత్తాడు. ఒక్కటి రాలితేనే ఊరుకోనన్నాడాయన!

"ఏడవకురా పెద్దోడా," అంది అచ్చమ్మ. "రాలకూడదన్నాడు గానీ, రాలినవి మళ్ళీ ఎక్కించొద్దన్నాడా?"

ఇంకేముంది, పూలు కట్టే దారం తెచ్చి రాలిన కాయల్ని ముచికలు పట్టి కొమ్మలకి కట్టేసింది. ఊపులో ఉందేమో, పక్క చెట్టు కింద పడున్న బంగినపల్లి కాయల్ని కూడా తెచ్చి చిన్నరసం చెట్టుకే కట్టింది. "ఇప్పుడు చెట్టుకే అందమొచ్చింది," అని మురిసిపోయింది.

కానీ గడ్డి మాటేమిటి? అందరూ బండి చుట్టూ కూర్చుని ఆలోచనలో పడ్డారు. పేరయ్య ఆలోచిస్తే నుదుటి మీద నరం లేస్తుంది. ఆ రోజు రెండు నరాలు లేచాయి.

"అయ్యగారేమన్నారు? కమ్మీ మిమ్మల్ని కాపాడుతుందన్నారు. బండిని కాపాడుతుందన్నారా?"

"అన్లేదు," అన్నాడు కోటిలింగం.

"మరి మనల్ని కాపాడేది మన దగ్గర ఉండాలి గానీ బండి దగ్గర ఎందుకురా?"

"అవునన్నయ్యా! మన గొడుగు తీసుకెళ్ళి దూడకి పట్టినట్టుంది!"

అంతే, పానా తెచ్చి బోల్టులు విప్పేశారు. కమ్మీ ఊడి చేతికొచ్చింది. అప్పుడు కొత్త తగువు. అది ఎవరి దగ్గరుండాలి? కోటిలింగం తనకే అన్నాడు. మంగతాయి, "పొయ్యి దగ్గర నిప్పుతో చెలగాటమాడేది నేను, నాకే" అంది. చివరికి పెద్దదిక్కు అచ్చమ్మేనని తేల్చి, కమ్మీ తీసుకెళ్ళి ఆవిడ నులకమంచానికి తలవైపు గట్టిగా కట్టారు. అచ్చమ్మ పట్టాభిషేకం అయినట్టు కూర్చుంది.

మధ్యాహ్నం కునుకు తీస్తూ అటు దొర్లింది, దబ్బున కింద పడింది.

"ఓరి నాయనో! కాపాడుతుందంటిరి, కాపాడలేదేమిట్రా?" అని నడుం పట్టుకుంది.

మంగతాయి ఆలోచించింది. "అత్తా, కమ్మీ తప్పేం లేదు. నువ్వు బెల్టు పెట్టుకోలేదుగా."

నిజమే సుమా అనుకున్నారు. బండికున్న బెల్టు కూడా విప్పుకొచ్చి ముసలావిణ్ణి మంచానికి బిగించారు. అయినా పేరయ్యకి అనుమానం తీరలేదు. "అయ్యగారు తిరగబడితే కాపాడుతుందన్నారు. మంచం తిరగబడందే కమ్మీ మాత్రం ఏం చేస్తుంది పాపం?" అన్నాడు.

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ చెరో పక్కా పట్టి మంచాన్ని తిరగేశారు! కాళ్ళు పైకి లేచిన మంచం కింద నుంచి అచ్చమ్మ గావుకేక పెట్టింది. తీరా వంగి చూస్తే కమ్మీ నేలకానుకుంది, మంచం ఒకవైపు ఎత్తుగా నిలబడింది, ఆవిడ బెల్టుకి చక్కగా వేలాడుతోంది. ఒంటి మీద గీత కూడా పడలేదు.

"అమ్మ బతికిందిరోయ్! కమ్మీ పనిచేసింది!" అని కోటిలింగం చిందులేశాడు.

"ముందు నన్ను దింపండ్రా సచ్చినోళ్ళారా!" అంది అచ్చమ్మ. దింపాక మాత్రం, "మంచి కమ్మీరా, దీన్ని ఎవరికీ ఇవ్వకండి" అని కళ్ళకద్దుకుంది.

శనివారం పొద్దున్నే మంగతాయి బండి వైపు చూసి గతుక్కుమంది. కమ్మీ అడ్డం లేకపోవడంతో మిగతా గడ్డంతా అప్పటికే కోసేశారు. ఇక మిగిలింది దిగువన, లోతైన బోదె కాలువ పక్కనున్న ఏటవాలు. తోటలో కల్లా పెద్ద చిన్నరసం చెట్టు అక్కడే ఉంది.

"ఏవయ్యా, కమ్మీ అత్త దగ్గరుందాయె. మరిది అక్కడ తిరగబడితే?"

"తిరగబడితే కదే? తిరగబడనివ్వను," అని పేరయ్య పలుపుతాడు తెచ్చాడు. ఒక కొస బండికి కట్టాడు, రెండో కొస చెట్టు మొదలుకి కట్టాడు. "కట్టేసిన గొడ్డు ఎక్కడికి పడిపోతుంది?"

కోటిలింగం బయల్దేరాడు. తాడు ఉన్నంత దూరం పోయి, పక్కకి తిరిగి చెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. గడ్డి గుండ్రంగా తెగుతుంటే పేరయ్య నడుం మీద చేతులేసుకుని మురిశాడు. "చూడవే, పళ్ళెం పెట్టి గీసినట్టు కోస్తున్నాడు నా తమ్ముడు!"

తాడు మాత్రం చెట్టుకి చుట్టుకుంటూ పొట్టిదైపోతోంది.

"అన్నయ్యా, చెట్టు నా మీదికొస్తోంది!" అని అరిచాడు కోటిలింగం.

"చెట్టుకి కాళ్ళెక్కడివిరా? ఉన్నచోటే ఉంటుంది. నువ్వు పోనీ!"

పోనిచ్చాడు. అంతే! బండి వెళ్ళి చెట్టుని ధడేల్మని గుద్దింది. పైనుంచి కాయలు వడగళ్ళ వానలా కురిశాయి. ముందు చక్రాలు మొదలు మీదికి పాకాయి, తాడు తెగింది, బండి వెనక్కి లేచింది. బెల్టు లేదుగా, కోటిలింగం అవతల గడ్డిలోకి ఎగిరిపడ్డాడు. బండి తలకిందులై బోదె మీద అడ్డంగా పడి, బుసకొట్టి ఆగిపోయింది. బోదెలో సీటు, ఆకాశంలో చక్రాలు.

"తమ్ముడూ!" అని పేరయ్య పరుగెత్తాడు. ఆ క్షణంలో బండీ గుర్తు రాలేదు, పనీ గుర్తు రాలేదు. తమ్ముడి చేతులూ కాళ్ళూ తడిమి, అన్నీ ఉన్నాయని తేలాక భోరుమని ఏడ్చాడు. ఆ తర్వాత కింద పరుచుకున్న కాయల్ని చూసి ఇంకా గట్టిగా ఏడ్చాడు. మంగతాయి ఇంట్లోకెళ్ళి బట్టలు మూట కట్టడం మొదలెట్టింది.

సరిగ్గా అప్పుడే బసవేశ్వరరావు గారు బేరగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. బండిని చూశాడు. కాయల్ని చూశాడు. "మనుషులు బాగానే ఉన్నారా?" అన్నాడు ముందు. ఉన్నారని తెలిశాక గొంతు చించుకున్నాడు. "కమ్మీ ఏదిరా? ఎవడు విప్పాడు?"

పేరయ్య కళ్ళు తుడుచుకుని, వాళ్ళమ్మని మంచంతో సహా తిరగేసి కాపాడుకున్న వైనమంతా చెప్పాడు. బేరగాడు పైకండువా నోట్లో కుక్కుకున్నాడు. అయ్యగారు గట్టు మీద కూలబడ్డాడు.

"ఒరే పేరయ్యా, చివరిసారి చెబుతున్నా విను. ఆ కమ్మీ, ఆ బెల్టు తెచ్చి ఎక్కడివక్కడ బిగించు. మనిషి సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకోకుండా ఈ బండి అంగుళం కదిలిందో, నీ పని పోయినట్టే! నేనెళ్ళి దీన్ని లేపడానికి మనుషుల్ని తీసుకొస్తా," అని కారెక్కాడు.

అంటే పని ఇంకా పోలేదన్నమాట! పేరయ్యకి ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తుకెళ్ళి కమ్మీ విప్పుతుంటే అచ్చమ్మ గోల పెట్టింది. "నన్నెవడు కాపాడతాడ్రా ఇక?"

"నేల మీద పడుకోవే అమ్మా, నేల తిరగబడదు," అన్నాడు. సరేనని ఆవిడ చాప పరుచుకుంది.

అన్నదమ్ములు బోదెలోకి దూరి, చెమటలు కక్కుతూ, తలకిందులుగా ఉన్న బండికి తలకిందులుగానే కమ్మీ బిగించారు, బెల్టు తగిలించారు.

మనుషులతో అయ్యగారు తిరిగొచ్చి బోదెలోకి తొంగిచూశాడు. పేరయ్య సీట్లో ఉన్నాడు. తల కింద, కాళ్ళు పైన, బెల్టుకి గబ్బిలంలా వేలాడుతున్నాడు. పక్కన మంగతాయి చతికిలబడి, నోట్లో మజ్జిగ పోస్తోంది. అదంతా ముక్కులోంచి కళ్ళలోకి పోతోంది.

"ఏం చేస్తున్నావురా?"

"కూర్చున్నానయ్యగారూ," అన్నాడు పేరయ్య ఎర్రబడ్డ మొహంతో. "ఇక కదపండి."

"ఓరి దేవుడా! ముందు ఆ బెల్టు విప్పరా!"

అంతే, విప్పాడు. దబ్బున నెత్తి మీద పడ్డాడు. బురదలోంచి పాక్కుంటూ బయటికొచ్చి, బొప్పి తడుముకుంటూ, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యగారూ, నా పని ఉన్నట్టేనా?" మంగతాయి మజ్జిగ చెంబు గుండెకి హత్తుకుంది.

బసవేశ్వరరావు గారికి కోపం నిలవలేదు. నవ్వీ నవ్వీ కళ్ళొత్తుకున్నాడు. "ఉందిలేరా. ఒక్కటే షరతు. ఇవాళ్టి నుంచి నేనేం చెప్పినా నువ్వు చెయ్యకూడదు. అర్థమైందా?"

"అర్థమైందయ్యగారూ!"

"సరే, ఇంటికెళ్ళి ఆ బొప్పికి పసుపు పెట్టుకో ఫో," అని ఆయన బండి లేపించి, షెడ్డులో పెట్టించి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలింది. దీపాలు పెట్టేవేళ దాటుతోంది. మొగుడెంతకీ రాకపోతే మంగతాయి కంచంలో అన్నం కలుపుకుని వెతుక్కుంటూ వచ్చింది. పేరయ్య బోదె గట్టు మీద, నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా దోమలు.

"ఏవయ్యా, ఇంటికి రావా?"

పేరయ్య ఆవిణ్ణి జాలిగా చూశాడు. "ఎలా వస్తానే పిచ్చిదానా? అయ్యగారు ఇంటికెళ్ళమన్నారు కదా!"