మళ్లీ తొక్కని ఊళ్లు

తోలు చాలక రావణుడికి ఒక్క తలే పెట్టిన పేద గురుశిష్యులు, తమ తోలుబొమ్మలాటను ఊరూరా తిప్పేవాడి కోసం వెతుకుతున్నారు. చేతకానివాడికిస్తే ఆట మొదటి ఊళ్లోనే మట్టికొట్టుకుపోతుందని రంగులు నూరే ఓబులమ్మ బెంగ.

గుర్రమెక్కి విరూపాక్షయ్య వచ్చాడు. ఆయనకంటే ముందు ఆయన మీసం వచ్చింది.

"నూరు ఊళ్లలో ఆటలాడించాను. ఒకసారి తొక్కిన ఊరు మళ్లీ తొక్కలేదు" అన్నాడు.

గురువు పొంగిపోయి తాంబూలం ఇవ్వబోయాడు.

"ఆగండి గురువుగారూ" అంది ఓబులమ్మ. "అయ్యా, ఆ నూటిలో ఒక్క ఊరైనా మిమ్మల్ని మళ్లీ రమ్మందా?"

మీసం ఒక పక్కకి వాలింది.

"ఉప్పు అమ్ముకునే తిరుపాలు తిరిగేది నాలుగూళ్లే. కానీ వాడి గాడిద కనబడితే చాలు, జనం పిలిచి కూర్చోబెడతారు" అంది ఓబులమ్మ గురువుతో.

తాంబూలం తిరుపాలుకు దక్కింది. విరూపాక్షయ్య ఇంకో ఊరు వెతుక్కుంటూ వెళ్లాడు. ఆయన మళ్లీ తొక్కని ఊళ్లిప్పుడు నూటొక్కటి.