అల్లుడుగారి నల్ల బంతి

పాలకొల్లులో చుట్టాలమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో పంక్తి భోజనాల మధ్య లెస్లీ బ్రామాల్ విస్తట్లో బూరెలు పేర్చడం మొదలెట్టాడు. అతని భార్య వసుంధరకి ఒళ్లు మండిపోయింది. అయ్యింది, మళ్లీ మొదలు!

"ఇదిగోనండి, ఈ బూరె నల్ల బంతి అనుకోండి," అంటున్నాడు పక్కనున్న పెద్దాయనతో. "ఈ గారెకున్న చిల్లు పాకెట్టండి. నేనేమో ఇలా వంగున్నాను..."

పెద్దాయన పులిహోర నములుతూ బుద్ధిగా వింటున్నాడు. పాపం, కొత్త మనిషి.

లెస్లీ ఇంగ్లండువాడు. బల్ల మీద బంతుల్ని కర్రతో కొట్టి, పాకెట్లనే అంచు చిల్లుల్లో పడేసే స్నూకర్ ఆటే ఒకప్పుడు అతని వృత్తి. అక్కడి ఓల్డ్‌హామ్ ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేరిన పాలకొల్లు పిల్ల వసుంధరని పెళ్లాడి, తెలుగంతా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు, గోదావరి యాసతో సహా. నేర్చుకున్న తెలుగు దేనికి వాడాడయ్యా అంటే, ఆ ఒక్క కథ చెప్పడానికి.

కథ ఇంతే. మిల్లు కార్మికుడైన తండ్రి వేలు పట్టుకుని క్లబ్బుకెళ్లిన పిల్లాడు పెద్ద ఆటగాడయ్యాడు. బో టై కట్టుకుని ఊరూరా పోటీలాడాడు. ఒకసారి టీవీలో కూడా కనిపించాడు. తర్వాత ఒక పోటీలో, ఆఖరి ఆటలో, బల్ల మీద మిగిలిన ఒకే ఒక్క నల్ల బంతిని కొట్టాడు. అది పాకెట్టు అంచుదాకా పోయి, కాస్త ఊగి, ఆగిపోయింది. ఎదుటి వేల్స్ కుర్రాడు వచ్చి దాన్ని చిన్నగా తాకించి పడేసి గెలిచేశాడు. ఆ ఓటమితో ప్రొఫెషనల్ ఆటగాళ్ల జాబితాలోంచి లెస్లీ పేరు పోయింది, మళ్లీ ఎక్కలేదు. రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపాడు.

జాలిపడాల్సిన కథే. మొదట్లో వసుంధర ఏడ్చింది కూడా. కానీ ఎన్నాళ్లని ఏడుస్తుంది? పురిటి మంచం మీద పడుకుని ఆ కథ వింది. వాళ్ల నాన్న పెద్దకర్మ నాడు పురోహితుడు విన్నాడు. అక్క ఇంటికి గ్యాసు బండ తెచ్చినవాడు బండ భుజాన ఉండగానే విన్నాడు. వాళ్లందరికీ ఒకసారితో సరి. తనకి అలా కాదే! ఏ మాట తర్వాత నిట్టూరుస్తాడో, ఎక్కడ గొంతు తగ్గిస్తాడో కూడా ఆవిడకి తెలుసు.

చేతులు కడుక్కునే చోట చెప్పేసింది. "ఓల్డ్‌హామ్‌కి మీరొక్కరే వెళ్లండి. నేను అక్క దగ్గరే ఉండిపోతాను."

అతను నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. "నేనేం చేశాను?"

"అదీ నేనే చెప్పాలా!"

అక్క కంగారుపడి, మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ పెనుగొండలో నాగలింగయ్యగారి దగ్గరికి తోలింది. ఆయన వాళ్ల నాన్నకి గురువు. ఆశ్రమం, కాషాయం లాంటివేమీ లేవు. పెంకుటింటి అరుగు మీద బనీనుతో కూర్చుని దొండకాయలు తరుగుతున్నారు.

లెస్లీ కింద చతికిలబడ్డాడు. భార్య ఉండిపోతానన్న దగ్గర్నుంచి అతనికి నిద్ర లేదు. "అయ్యగారూ, ఆ బంతి నన్ను వదలట్లేదండి. వసుంధర నన్ను వదిలేస్తానంటోందండి. ఏం చెయ్యమంటారు?"

"ఏ బంతి?" అన్నారు అయ్యగారు.

వసుంధర నెత్తి కొట్టుకుంది. అడక్కూడనిదే అడిగారు.

మొత్తం విన్నాక ఆయన కత్తిపీట వాల్చారు. "నోటితో చెబితే నా బుర్రకెక్కట్లేదు, అల్లుడుగారూ. బల్ల మీద చూపించండి. ఎక్కడుంటుంది ఆ బల్ల?"

భీమవరంలో ఉంటుంది. ముగ్గురూ ఆటోలో బయల్దేరారు. స్నూకర్ పార్లర్‌లోకి కండువాతో ముసలాయన, వెనకాల తెల్లదొర, ఆ వెనక చీరకొంగు బిగించుకున్న ఆడమనిషి. ఆడుకుంటున్న కుర్రాళ్లు కర్రలు ఆనించి చూస్తూ నిలబడిపోయారు.

లెస్లీ బల్ల మీద తెల్ల బంతి, నల్ల బంతి మాత్రం పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. బో టై గురించి చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న అమ్మ గురించి చెప్పాడు. వంగి కొట్టాడు. నల్ల బంతి అచ్చం ఆ రోజులాగే అంచు మీద ఆగింది. ఓడిపోవడంలో కూడా ఇంత నేర్పు సంపాదించాడు మహానుభావుడు! తర్వాత వేల్స్ కుర్రాడిలా వచ్చి దాన్ని తాకించాడు. బంతి పాకెట్టుకున్న వలసంచిలో పడింది.

అయ్యగారు సంచిలో చెయ్యి పెట్టి బంతి తీసి, బల్ల మీద పెట్టారు. "మళ్లీ చెప్పండి."

లెస్లీ మొహం వెలిగిపోయింది. మళ్లీ చెప్పమన్న మనిషి ఎదురవడం పుట్టాక ఇదే మొదలు. బో టై దగ్గర్నుంచీ ఎత్తుకున్నాడు. బంతి పడింది. అయ్యగారు తీశారు.

"మళ్లీ."

వసుంధర ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. ఖర్మ! తగ్గించమని తెస్తే ఈయన ఎగదోస్తున్నారేంటి? పెద్దాయనకి చాదస్తం ముదిరినట్టుంది. లేచి వెళ్లిపోదామా అంటే నాన్న గురువాయె.

"మళ్లీ."

ఈసారి కథలో బో టై రాలేదు. వసుంధరకి వెంటనే తెలిసిపోయింది. ఆ తర్వాతి సారి అమ్మ కూడా రాలేదు. లెస్లీ చొక్కా వీపుకి అంటుకుపోయింది, మాటలు పొట్టివైపోయాయి. "కొట్టానండి. ఆగిందండి. వాడు పడేశాడండి." బంతి పడింది, అయ్యగారు తీశారు. కథలోంచి వేల్స్ కుర్రాడు కూడా పోయాడు. "ఇదిగో, ఇంతేనండి." పడింది. ఆయన తీశారు. ముసలి చెయ్యి సంచిలోకి వెళ్లడం, రావడం. మొహంలో విసుగు లేదు, చెమట లేదు.

"మళ్లీ."

లెస్లీ ఏమీ అనకుండా బంతి పడేశాడు. అయ్యగారి చెయ్యి పాకెట్టు దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ!" కర్ర నేలకేసి కొట్టాడు లెస్లీ. "ఆఖరి నల్ల బంతి పడ్డాక బయటికి తీయకూడదండి! ఆట అయిపోయినట్టే! ఎన్నిసార్లు తీస్తారండి బాబూ, పిచ్చెక్కిపోతోంది నాకు!"

వసుంధర కుర్చీలోంచి లేచి నిలబడింది.

అయ్యగారి చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. "తీయకూడదా?"

"కూడదండి."

"ఎవరూనా?"

"ఎవరూ తీయకూడదండి."

అయ్యగారు చెయ్యి తీశారు. ఖాళీ చెయ్యి. "సరే. నేను తీయను," అని లెస్లీని ఒక్క క్షణం చూసి, కండువా దులుపుకుని, వెళ్లి ఆటోలో కూర్చున్నారు.

లెస్లీ పాకెట్టు ముందే నిలబడ్డాడు. వలలోంచి బంతి నల్లగా కనిపిస్తోంది. చాలాసేపు దానివంకే చూశాడు. తర్వాత వేళ్లకంటిన సుద్ద ప్యాంటుకి తుడుచుకుని, కర్ర తీసుకెళ్లి గోడకున్న స్టాండులో పెట్టాడు.

భోజనానికెళ్లిన పార్లరు ఓనరు విశ్వనాథరాజుగారు అప్పుడే వచ్చారు. దొరని చూసి, కుర్రాళ్లు చెవిలో చెప్పింది విని, పరుగున వచ్చి చేతులు పట్టుకున్నారు. "ప్రొఫెషనల్ అంట కదండీ తమరు! మా పార్లరు ధన్యమైపోయిందండి. ఎక్కడిదాకా ఆడారేంటి? కాస్త చెప్పండి!"

వసుంధర నిట్టూర్చి, అలవాటుకొద్దీ కుర్చీ లాక్కుని మళ్లీ కూర్చుంది. పర్సులోంచి విసనకర్ర తీసింది. ఎలా లేదన్నా అరగంట.

లెస్లీ నోరు తెరిచాడు. పాకెట్టు వైపు చూశాడు.

"ఆయ్, ఆడేవాణ్ణండి," అన్నాడు. "అయిపోయిందండి."

రాజుగారు ఇంకా ఏదో వస్తుందని నిలబడ్డారు. ఏమీ రాలేదు. లెస్లీ భార్య వైపు తిరిగాడు.

"కూర్చున్నావేంటి? పద. అయ్యగారు ఎండలో ఉన్నారు."

వసుంధర అతని మొహంలోకి చూసింది. విసనకర్ర మడిచి పర్సులో పెట్టుకుంది.

"విమానాశ్రయంలో నా పెట్టె కూడా మీరే మొయ్యాలి. ముందే చెబుతున్నాను," అంటూ లేచింది.