సున్నం తాగిన రాజకుమారి

మీ తాతల తాతలకి కూడా మీసాలు రాని రోజుల్లో ధవళకేతు అని ఒక రాజుండేవాడర్రా. ఆయనకి సున్నమంటే పిచ్చి. కోటకి సున్నం, కొట్టానికి సున్నం, ఆఖరికి తోటలో చెట్ల మొదళ్ళకీ సున్నమే. ఆయనకి కువలయ అని ఒక్కగానొక్క కూతురు.

కంకాళుడనే మాంత్రికుడొచ్చి కువలయని పెళ్ళాడతానన్నాడు. రాజు ఛీ పొమ్మన్నాడు. వాడు ఏదో గొణిగి గుప్పెడు బూడిద చల్లాడు. అంతే, రాజకుమారి కాస్తా మోకాలెత్తు కొండపొద అయి తోటలో నాటుకుపోయింది.

"మూడు నెలల్లో పూసిందా, మీ పిల్ల మీకు దక్కుతుంది. ఎండిందా, పోయినట్టే. నేను చంపక్కర్లేదు, మీరే ముద్దు చేసి చంపుకుంటారు" అని నవ్వుకుంటూ వాడు ఏడు సముద్రాల అవతలికి పోయాడు.

మొక్కయితే అయింది గానీ కువలయకి అన్నీ వినపడుతున్నాయి, అన్నీ తెలుస్తున్నాయి. నోరొక్కటే లేదు.

పొదని పూయించినవాడికే పిల్లనిస్తానని రాజు చాటింపు వేయించాడు. పొరుగు దేశం నుంచి ముగ్గురు రాజకుమారులు, అన్నదమ్ములు, వచ్చారు.

పెద్దవాడు "రాజకుమారికి రాజమర్యాద జరగాలి!" అని పొద పాదంతా తెల్లగా సున్నం కొట్టించి, సున్నపునీళ్ళు పోయించాడు. ఆకులు పాలిపోయి పసుపుపచ్చనయ్యాయి. "ఓరి, నీ మర్యాద మండా!" అని కువలయ లోలోపల కుతకుత ఉడికిపోయింది. విన్నవాడెవడు?

రెండోవాడు "బలం చాల్లేదు" అని పచ్చిపేడ వేసి, బూడిద కలిపి, పార పట్టి చుట్టూ తవ్వాడు. ఆ పొద వేళ్ళు తలవెంట్రుకల్లా సన్నగా, పైపైనే ఉంటాయి. సగం తెగిపోయాయి. "నా కాళ్ళు నరికి నాకు పాయసం పెడతావుట్రా?" అని ఏడ్చింది. ఒళ్ళు మండదూ మరి? మీరైతే ఊరుకుంటారా?

మూడోవాడు మహీధరుడు. వాడు ఏమీ వేయలేదు, ఏమీ పోయలేదు. చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకుని తుపుక్కున ఉమ్మాడు. "మహారాజా, ఇది కొండ మొక్క. దీని పుట్టిల్లు ఆ మాంత్రికుడి కొండే అయ్యుంటుంది, అక్కడి మట్టి చూసొస్తాను. అందాకా ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు. హమ్మయ్య, ఒక్కడికి బుర్ర ఉందనుకుంది కువలయ.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. మాంత్రికుడి కొండ మీద, వాడి ప్రాణమున్న చిలక పంజరంలో కనిపించింది. మెడ నులమబోతే అది, "నన్ను చంపితే వాడు చస్తాడు గానీ, మొక్క పూయకపోతే పిల్ల దక్కదు. నన్ను వదిలెయ్, వాడి మంత్రబలం నాతోనే ఎగిరిపోతుంది, మొక్క గుట్టూ చెబుతాను" అంది. మహీధరుడు పంజరం తలుపు తీశాడు. చిలక కొమ్మ మీద వాలి చెప్పింది. "దానికి పుల్లటి నేల కావాలి నాయనా. ఇదుగో, ఈ చెట్ల కింద కుళ్ళిన ఆకుమట్టి పట్టుకెళ్ళు. వాననీళ్ళు పొయ్యి. సున్నం దానికి విషం."

మూడో నెల నిండడానికి ఇక నాలుగు రోజులున్నాయనగా మహీధరుడు మట్టిమూటతో తిరిగొచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది! అల్లుడొస్తున్నాడని రాజు తోటంతా మళ్ళీ సున్నం కొట్టిస్తున్నాడు. పొద మొదట్లోనే కుంచె ముంచుతున్నారు. మహీధరుడు సున్నపుకుండని ఒక్క తన్ను తన్నాడు.

"ముట్టుకోవద్దన్నానా లేదా? మీకు పిల్ల కావాలా, తెలుపు కావాలా?" అని అరిచాడు. రాజు కుంచెలు అవతల పారేయించాడు.

పాత మట్టి తీయించి, పుల్లమట్టి నింపి, వేళ్ళు చెదరకుండా పొదని నాటి, వాననీళ్ళు పోశాడు. మొదటి రోజు చిగురు, రెండో రోజు మొగ్గ, మూడో రోజు ఊదారంగు పూలు విరగబూశాయి. పూలలోంచి కువలయ లేచి నిలబడింది.

"నా తల్లే!" అని రాజు చేతులు చాచాడు.

"ఆగండి నాన్నగారూ! మూడు నెలలు సున్నం తాగించారు, బూడిద తినిపించారు, వేళ్ళు తెంపించారు. అంతా ప్రేమతోనే చేశారని తెలుసు. అందుకే ఇంకా మండుతోంది!"

రాజు తల దించుకుని, "రేపే మీ పెళ్ళి" అన్నాడు. మహీధరుడు, "ముందు ఆవిణ్ణి అడగండి మహారాజా" అన్నాడు. కువలయకి అప్పుడొచ్చింది నవ్వు. ఊఁ అంది.

పెళ్ళి ఘనంగా జరిగింది. వాళ్ళిద్దరూ మునిమనవల్ని ఎత్తుకునేదాకా రాజ్యమేలారు. పెళ్ళినాడు తాంబూలం అందిస్తే కువలయ ఆకూ వక్కా తీసుకుని, సున్నపుకాయ మాత్రం అవతలికి తోసేసింది.

"జన్మకి సరిపడా తాగాను" అంది.