దండు మంచాలు

పరదేశపు దండు విడిది ఎత్తేసి వెళ్ళాక, ఆ ఖాళీ విడిది కాపలాకు రాజుగారు పెట్టిన అమీను భుజంగరావే అక్కడి మంచాలన్నీ ఇంటికి తోలించుకున్నాడు. నేరం ఊరివాళ్ళ మీదికి నెట్టి, వాళ్ళకు కొరడా దెబ్బలు వేయించమని రాజుగారిని కోరాడు.

విచారణలో అది విని, దండుకు బట్టలుతికిన పోలమ్మకు ఒళ్ళు మండింది. అయినా నెమ్మదిగానే అంది:

"ఆ దొంగలెవరో గానీ పాపం, ప్రభూ. ఆ మంచాల మీద పడుకుంటే ఒళ్ళంతా దురద పుడుతుంది. అందుకే దండు వాటిని వదిలేసి పోయింది."

ఊరివాళ్ళు కదలకుండా విన్నారు. అమీను మాత్రం ముందు మెడ గోక్కున్నాడు, తర్వాత చంకలు, చివరికి స్తంభానికి వీపు ఆనించి రుద్దుకోసాగాడు. రాజుగారు నవ్వు ఆపుకుంటూ అతనింటికి భటుల్ని పంపారు. మంచాలన్నీ దొరికాయి.

"ఇక వాటిని ముట్టుకోవాలంటే మాకూ భయమే. దురదకు మందేమిటి, పోలమ్మా?" అన్నారు రాజుగారు.

"దురదే లేదు ప్రభూ. ఉంటే, ఆ దుప్పట్లుతికిన నేనే ముందు గోక్కునేదాన్ని."