చేపల రేవుకు తోడుబండి

రత్నమాంబ టీచరుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ ముఖం కాసేపు చూసి, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని చేసి వచ్చాక ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే అప్పుడు మాట్లాడదామంటారు. చాలామందికి మిగలదు. లెక్కల టీచరుగా రిటైరయ్యాక ఆవిడ భీమిలిలో ‘తోడుబండి’ అని ఒకటి మొదలుపెట్టారు. ఒక పాత వ్యాను, దానికో డ్రైవరు, కార్లూ స్కూటర్లూ ఉన్న నలుగురైదుగురు స్నేహితులు, అంతే దాని ఆస్తి. ఒంటరిగా గడప దాటలేని పెద్దవాళ్ళు ఫోను చేస్తే వీళ్ళు వెళ్ళి ఎక్కించుకుంటారు, పని అయ్యేదాకా పక్కనే ఉంటారు, తిరిగి గుమ్మం దాకా దింపి వస్తారు.

ఆ స్నేహితుల్లో జగ్గారావు ఆవిడకి శిష్యుడి కింద లెక్క. హైస్కూల్లో ఆవిడ దగ్గర చదువుకున్నాడు. పోర్టు ఆఫీసులో ఉద్యోగం ముందుగానే మానేసి వచ్చి, ఇప్పుడు మళ్ళీ ఆవిడ దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. మెత్తని మనిషి. పెద్దవాళ్ళ ఎదట గొంతు పెంచడం ఎరగడు. ఎవరేమన్నా ‘అలాగేనండీ’ అనడమే మర్యాద అని ఇంట్లో పెంచారు, అలాగే పెరిగాడు. ఏ రోజు ఎవరికి వ్యాను పంపాలో చూసే పని టీచరుగారు అతనికే అప్పగించారు.

ఒక బుధవారం అతను మనసు పాడై వచ్చాడు. ఆ ఉదయం వ్యాను అచ్చియ్యమ్మగారిని చేపల రేవుకి తీసుకెళ్ళింది. అదే వేళకి కూర్మినాయుడుగారికి కళ్ళ ఆసుపత్రిలో పని పడింది. కార్లేవీ దొరకలేదు. పాపం ఆయన షేరాటోలో నలిగి, దిగేటప్పుడు మెట్టు కనపడక తూలి మోకాలు కొట్టుకున్నాడు. దెబ్బ చిన్నదే గాని జగ్గారావుకి నిద్ర పట్టనంత పెద్దదైంది.

“టీచరుగారూ, ఉన్నది ఒక్క బండి. ఆసుపత్రికెళ్ళే మనుషులుండగా చేపలకోసం దాన్ని తిప్పడం న్యాయమంటారా? ఏది అవసరం, ఏది సరదా, మనం తేల్చుకోవద్దూ?”

ఆవిడ అతని ముఖం చూశారు. “నీకు న్యాయమనిపించింది చేసి చూడు,” అన్నారు.

జగ్గారావు చేశాడు. అచ్చియ్యమ్మగారింటికి వెళ్ళి, ఆవిడ కాళ్ళ దగ్గర పీట వేసుకు కూర్చుని, మీరింక అంత దూరం శ్రమ పడక్కర్లేదనీ, బుధవారం బుధవారం మంచి చేప తనే ఏరి, కోయించి, కడిగించి తెచ్చి ఇస్తాననీ ఎంతో మన్ననగా చెప్పాడు. ఎనభై దాటిన ఆవిడ ఒకప్పుడు కాలేజీ కుర్రాళ్ళకి భోజన హోటలు నడిపిన మనిషి. పొయ్యి దగ్గర నుంచి కేకేస్తే వీధి చివర పాలవాడు ఆగేవాడట. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. కొడుకు, కోడలు సుభద్ర కళ్ళలో పెట్టుకు చూసుకుంటున్నారు. ఆవిడ అతని మాటలన్నీ విని, “అలాగే బాబూ,” అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని జగ్గారావు అనుకోలేదు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. వారం వారం వంజరమో, చందువాయో, రేవులో ఉన్నవాటిలో మేలైనది తెచ్చి ఇచ్చాడు. కూర్మినాయుడుగారు వ్యానులో దర్జాగా ఆసుపత్రికెళ్ళి వచ్చాడు. అంతా సవ్యంగా ఉందనుకుంటున్న రోజుల్లో సుభద్ర ఫోను చేసింది.

“అన్నయ్యగారూ, మీరు తెచ్చే చేప మా వీధి పిల్లులు తింటున్నాయండీ. అత్తయ్య ముట్టుకోవడం లేదు. కూర బాగుందా అంటే బాగుందంటారు. తినరు. పొద్దున్న లేవరు. బుధవారమొస్తే ముందే జడేసుకుని, అంచుచీర కట్టుకుని గుమ్మంలో కూర్చునే మనిషి, వేసుకున్న జాకెట్టు కూడా మార్చడం లేదు. డాక్టరుగారు ఒంట్లో ఏమీ లేదన్నారు. నాకు భయంగా ఉందండీ.”

జగ్గారావు పరుగున టీచరుగారి దగ్గరకొచ్చాడు. “ఏం లోటు చేశానండీ? ఆవిడ స్వయంగా వెళ్ళినా అంతకన్నా మంచి చేప దొరకదు కదా!”

“ఈ బుధవారం నువ్వే తీసుకెళ్ళు,” అన్నారు టీచరుగారు.

తీసుకెళ్ళాడు. రేవుకి తీసుకెళ్తానని చెప్పినప్పుడు ఆవిడ ‘అలాగే బాబూ’ అనే అంది గాని, వ్యాను గుమ్మంలో ఆగేసరికి అంచుచీరతో సిద్ధంగా ఉంది. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రేవు దగ్గర పడవలు అప్పుడే ఒడ్డుకి చేరాయి. ఇసుకంతా తడి, కాకుల గోల, ఐసు పెట్టెల చప్పుడు. జగ్గారావు ఆవిడ చెయ్యి పట్టుకుని, అడుగడుక్కీ ‘మెల్లిగానండీ, మెల్లిగా’ అంటూ చేపల బల్లల వరసలోకి నడిపించాడు. ఆ వరసలో నూకాలు అనే చేపలామె కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఆమెకీ అరవై దాటాయి. అచ్చియ్యమ్మగారిని చూసి లేవలేదు, నవ్వలేదు.

“ఏటి ముసలమ్మా, ఇన్నాళ్ళూ రానేదు? సచ్చిపోనావేటో అనుకున్నాను.”

జగ్గారావు ఆవిడని వెనక్కి తిప్పబోయాడు. అచ్చియ్యమ్మగారు మాత్రం పక్కనున్న ఖాళీ డబ్బా మీద చతికిలబడి, కొంగు నడుముకి చుట్టుకుంది.

“నేను పోతే నీ కుళ్ళు చేపలు కొనేదెవర్తే? ఏదీ, ఆ వంజరం ఇలా తే.” చేపని ఒడుపుగా తిప్పి, మొప్ప ఎత్తి చూసింది. “ఇది నిన్నటి చేప.”

“నీ కళ్ళు నిన్నటివి! తెల్లారగట్ట వలలో పడిందది.”

“ఐసు వాసనొస్తోందే.”

“నీ ముక్కుకి జలుబు సేసుంతాది.”

“హోటలు నడిపిన దాన్ని, నాకు చేప నేర్పుతావా?”

“నీ హోటల్లో పులుసు తిన్నోలు ఎంతమంది బతికి బట్టకట్టారో ముందది సెప్పు!”

చుట్టుపక్కల బల్లలవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. జగ్గారావుకి ఇంక నిలవబుద్ధి కాలేదు. ముందుకొచ్చి, “అమ్మా నూకాలూ, పెద్దావిడ, అలా మాట్లాడకూడదు,” అని మందలించి, ఇటు తిరిగి మెత్తగా అన్నాడు: “మీరన్నదే నిజమండీ. నిన్నటి చేపే. వేరే చోట కొందాం పదండి.”

గాలి తీసేసినట్టయింది. అచ్చియ్యమ్మగారి చేతిలో చేప బల్ల మీదికి జారింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో మంచం మీద కూర్చున్నప్పటి మనిషిలాగే అయిపోయింది. “అలాగే బాబూ,” అంది.

నూకాలు కత్తిపీట పక్కకి తోసింది. “నువ్వెవులు బావూ మజ్జిన? మా ఇద్దరి గొడవలో నీకేటి పని? ముసలమ్మా, ఎల్లిపోతావేటి? భయపడ్డావు కదూ? ఇదిగో కోస్తన్నాను, సూడు. పాతదైతే నీకు ఉత్తినే ఇచ్చీసి, రేపట్నించి ఈ రేవులో కూకోను.”

ఆవిడ తల ఎత్తింది. “కోయవే చూద్దాం,” అంది.

నూకాలు కోసింది. కత్తి దిగినచోట నెత్తురు మందార రంగులో చిప్పిల్లింది. కండ గట్టిగా, మెరుస్తూ ఉంది. తెల్లవారగట్ల వలలో పడిన చేపే. అచ్చియ్యమ్మగారు వంగి చూసింది, వేలితో నొక్కి చూసింది. అందరి ముందూ ఓడిపోయింది. ఓడిపోయి, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. నూకాలు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. “సూసినావా, సూసినావా!” అంటూ చేప ముక్కలు కట్టి ఇచ్చింది. వాటితోపాటు అడక్కుండానే గుప్పెడు రొయ్యలు కూడా పడేసి, “పై బుధారం రాకపోతే ఇంటికొచ్చి తిడతాను,” అంది. జగ్గారావు చెయ్యి అందించేలోపే ఆవిడ బల్ల అంచు పట్టుకుని తనంతట తనే లేచింది.

తిరుగు దారిలో ఆవిడ చాలాసేపు తనలో తనే నవ్వుకుంటూ కూర్చుంది. ఇల్లు దగ్గర పడ్డాక అంది: “మా కోడలు బంగారం బాబూ. కూరలో ఉప్పెక్కువైందంటే, అవునత్తయ్యా ఎక్కువైంది అంటుంది. కాసేపాగి తక్కువైందన్నాననుకో, అవునత్తయ్యా తక్కువైంది అంటుంది. మావాడూ అంతే. డాక్టరూ అంతే. నువ్వూ బంగారానివే.”

ఆ మధ్యాహ్నం ఆవిడ తనే వంటింట్లో స్టూలు వేయించుకుని, పక్కనుండి పులుసు పెట్టించి, రెండుసార్లు వడ్డించుకు తిందని సుభద్ర ఫోను చేసి చెప్పింది.

సాయంత్రం అతను టీచరుగారికి జరిగిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. “నాకర్థమైందండీ. ఇకనుంచి ఆవిడ ఏ రోజు ఎక్కడికి రమ్మన్నా కాదనను. బండి ఆవిడకే ముందు.”

టీచరుగారు అతని ముఖం చూశారు. “కూర్మినాయుడుగారి రెండో కంటి ఆపరేషన్ వచ్చే బుధవారమే,” అన్నారు.

రెండు రోజులు జగ్గారావు తర్జనభర్జన పడ్డాడు. ఇంకో కారు కోసం అందర్నీ అడిగాడు, దొరకలేదు. చివరికి టీచరుగారి ఎదుటే కూర్చుని, అచ్చియ్యమ్మగారికి ఫోను చేశాడు.

“అమ్మా, ఈ బుధవారం బండి కుదరదండీ. ఆపరేషన్ ఉంది. గురువారం తీసుకెళ్తాను.”

“గురువారం నేను నీసు ముట్టనని నీకు తెలీదూ? బుధవారమే కావాలి.”

అలవాటుగా ‘అలాగేనండీ’ నాలిక చివరిదాకా వచ్చింది. జగ్గారావు దాన్ని మింగాడు. “కుదరదండీ.”

అవతల మొదలైంది. ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా ఆ గొంతు గదంతా వినిపించింది. కూర్మినాయుడి కన్ను ఒక వారం ఆగలేదా అంది. ఆగదన్నాడు జగ్గారావు. నూకాలు ఇంటికొచ్చి తిడితే నువ్వు పడతావా అంది. మీరు ఆవిడ్ని తిట్టినదానికన్నా ఎక్కువ తిట్టదులెండి అన్నాడు. నిన్నగాక మొన్న చేప ముఖమెరిగినవాడివి నాకు చెబుతావా అంది. చేప సంగతి మీకు తెలుసేమో, బండి సంగతి నాకు తెలుసండీ అన్నాడు, కుర్చీలోంచి సగం లేచి. ఆదివారమంది, డ్రైవరుకి సెలవన్నాడు. శుక్రవారమన్నాడు, ఆవిడ శుక్రవారం తలంటుకుంటానంది. కొట్లాడి కొట్లాడి మంగళవారం పొద్దున్నకి తెగింది. “ఆలస్యంగా వచ్చావో, నీ సంగతి చెప్తాను!” అని ఆవిడ ఫోను పెట్టేసింది.

జగ్గారావు తల వంచుకుని, తప్పు చేసిన పిల్లాడిలా గొణిగాడు: “పెద్దావిడతో గొంతు పెంచానండీ.”

రత్నమాంబ టీచరుగారు కళ్ళజోడు తీసి, ఎంతో ముచ్చటగా అతన్ని చూశారు.

“ఇప్పటికి ఎక్కించుకున్నావోయ్, ఆవిణ్ణి మన బండి,” అన్నారు.